కాపలా, కాపురం

గేటు పక్క గోడకు అంటించిన ఓటర్ల జాబితాలో రెండో అంతస్తు పెద్దాయన పేరు భద్రంగా ఉంది. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన్ని చివరిసారి కిందికి దించినప్పుడు లిఫ్టు తలుపు మూసుకుపోకుండా కాలు అడ్డం పెట్టి నిలబడింది గేటమ్మే. నాలుగో అంతస్తు వాళ్ళమ్మాయి పేరు కూడా ఉంది. ఆ పిల్ల పెళ్ళయి వేరే ఊళ్ళో స్థిరపడింది, ఎప్పుడైనా వస్తే గేటమ్మ వైపు చూడనైనా చూడదు. చచ్చినాయనకు ఓటుంది, ఊళ్ళో లేని పిల్లకు ఓటుంది. పొద్దున్నే గేటు తీసి రాత్రి గేటు వేసే గేటమ్మకు లేదు.

ఆమె వేలు పెట్టి మళ్ళీ మొదటినుంచీ వెతికింది. చదువు ఆమెకు వచ్చీ రానట్టు వచ్చు. మొదటి రెండక్షరాలు కూడబలుక్కుని, మిగతాది ఇదే అయ్యుంటుందిలే అనుకుని ముందుకు పోవడం అలవాటు. బస్సు బోర్డులూ, మందుల షాపు పేర్లూ అలా చదివే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. జాబితాలో కూడా ఒకచోట తన పేరు దొరికినట్టే దొరికి, ప్రాణం లేచొచ్చి, తీరా చివర చూస్తే ఎవరిదో అయింది.

ఆమె అసలు పేరు ఆ భవనంలో ఎవరికీ తెలియదు. మొగుడున్నన్నాళ్ళూ వాచ్‌మన్ పెళ్ళాం, అతను పోయాక గేటమ్మ. మెట్ల కింద మోటారు గది ఉంది. మోటారుకూ గోడకూ మధ్య చాప, పైన చెక్క మీద నాలుగు గిన్నెలు, మూలన పొయ్యి, దండెం మీద రెండు చీరలు. మోటారు వేస్తే గిన్నెలు వాటంతటవే మాట్లాడుకుంటాయి. ఎండాకాలంలో మోటారు వేడికి గోడ కూడా చెమట పడుతుంది. ఆ గదికి తలుపుంది, తలుపుకి తాళముంది, ఆ తాళం గేటమ్మ కొనుక్కున్నది.

"టీచరమ్మా, నా పేరు లేదేంటి?"

టీచరమ్మ మెట్లు దిగి వస్తోంది. బళ్ళో పాఠాలు చెప్పుకోవలసిన మనిషి. ఇంటింటికీ తిరిగి ఓటర్ల పేర్లు సరిచూసే పని నెత్తిన పడింది. చంకలో కాగితాల సంచీ, తెగిన చెప్పుకు పిన్నీసు.

"ఇదివరకు ఎక్కడుండేది నీ పేరు?"

"పాత పేటలో."

"అక్కడ గుడిసెలు ఎప్పుడో తీసేశారుగా! లేని ఇంట్లో పేరెలా ఉంచుతారమ్మా? ఈసారి తీసేశాం."

"చచ్చినాయన పేరు ఉంచారుగా."

టీచరమ్మ మొహం చిట్లించింది. "ఆయన పోయినట్టు వాళ్ళింట్లో వాళ్ళు కాగితమివ్వాలి. ఇవ్వలేదు. నన్నేం చెయ్యమంటావ్?"

"అయితే నేను బతికున్నట్టు ఎవరివ్వాలి?"

"బతికున్నట్టు కాదు. ఇక్కడ ఉంటున్నట్టు." టీచరమ్మ సంచీ ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుంది. "సొంతిల్లయితే పన్ను రసీదు. అద్దెయితే ఒప్పందం కాగితం. లేదంటే నీ పేరు మీద కరెంటు బిల్లో, గ్యాసు పుస్తకమో. ఏదుంది?"

గేటమ్మ మోటారు గది వైపు చూసింది. కరెంటు భవనానిది. గ్యాసు వీధి చివరి షాపులో నింపించుకునే చిన్న బండ. రసీదులంటూ ఉంటే అవి పై అంతస్తుల వాళ్ళవి, వాళ్ళ తలుపుల కింద నుంచి తోసేది మాత్రం ఆమె.

"ఏదీ లేకపోతే మీ సెక్రటరీ గారిచేత ఇక్కడ కాపురం ఉంటోందని రాయించుకుని మా ఆఫీసులో ఇయ్యి. శనివారంతో ఆఖరు. ఆ తర్వాత నన్నడిగి లాభం లేదు."

ఓటుతో నీకేం పనే అని ఎవరైనా అడిగితే గేటమ్మ దగ్గర సమాధానం సిద్ధంగానే ఉంది, కాకపోతే అది పైకి చెప్పుకునేది కాదు. కిందటి ఎన్నికల నాడు, పాత పేటకూ ఈ వీధికీ ఒకటే అయిన బడి ముందు ఎండలో వరస కట్టినప్పుడు, సరిగ్గా ఆమె వెనకే సెక్రటరీ వచ్చి నిలబడ్డాడు. చేతిరుమాలు నెత్తిన వేసుకుని, "గేటమ్మా, కాస్త నన్ను ముందుకు పోనీ" అన్నాడు. "వరస సార్" అంది గేటమ్మ, వెనక్కి తిరక్కుండానే. అతను నిలబడ్డాడు. నిలబడక ఏం చేస్తాడు, అక్కడ పోలీసున్నాడు. లిఫ్టులో ఆమె ఎక్కకూడదు, పై కుళాయి దగ్గర ఆమె బిందె పెట్టకూడదు, ఎవరి గుమ్మం ముందైనా ఆమె చెప్పులు కనపడకూడదు. ఏళ్ళకు ఒక్కనాడు ఆ మనుషులంతా ఆమె వెనక నిలబడతారు. ఆ ఒక్కనాడూ ఆమెకు కావాలి.

సెక్రటరీ ఒక్క మాట కూడా అనకుండా ఉత్తరం రాసిచ్చాడు. అక్కడే అనుమానం రావలసింది. ఆయన ఏదో ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. భవన సంఘం పేరున్న కాగితం తీసి, కళ్ళజోడు సవరించుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, గుండ్రటి ముద్ర వేసి, తడి ఆరేదాకా ఊది మరీ ఇచ్చాడు.

గేటమ్మ మెట్ల మీద కూర్చుని చదువుకుంది. 'మా భవనంలో' అన్నది తెలిసింది. ఆ తర్వాత 'కాప' అన్నది కనపడగానే గుండె నిండిపోయింది. మిగతా అక్షరాల జోలికి పోలేదు. ఇన్నాళ్ళూ ఆ మనిషిని తిట్టుకున్నందుకు లోపల్లోపల చెంపలేసుకుంది. సాయంత్రం ఆయన కూరల సంచీతో వస్తుంటే అడక్కుండానే అందుకుని మూడంతస్తులూ మోసింది కూడా.

మర్నాడు ఆఫీసులో కిటికీ అవతలి గుమాస్తా ఉత్తరాన్ని ఒక్కసారి చూసి కిటికీ ఇవతలికి తోసేశాడు.

"ఇది చెల్లదు."

"ముద్ర ఉంది చూడు బాబూ."

"ముద్ర ఉందమ్మా. మాట లేదు. 'కాపలా ఉంటున్నది' అని రాశాడు. కాపలా కాదు, కాపురం ఉండాలి. కాపలా ఉన్న వాళ్ళందరికీ ఓటిస్తూ పోతే బ్యాంకు ముందు తుపాకీ పట్టుకున్నోడికి బ్యాంకులో ఓటివ్వాలి."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. గేటమ్మ కాగితం మీద వేలు పెట్టింది. కా. ప. లా. మూడక్షరాలు. పకి కొమ్ము లేదు, చివర సున్నా లేదు. నిన్న మెట్ల మీద కూర్చుని తనే ఆ కొమ్మూ సున్నా పెట్టుకుని చదువుకుంది. వీధంతా నడిచి వస్తూ ఆమె తిట్టుకున్నది సెక్రటరీని కాదు, తన కళ్ళని. పెద్దమనిషి తొందర్లో ఒక మాట బదులు ఇంకో మాట రాసి ఉంటాడు, అడిగితే దిద్దిస్తాడనే అనుకుంది ఇంకా.

సెక్రటరీ వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. ఉత్తరం చూసి, చేతిలోకి తీసుకోకుండానే, "తప్పేం రాయలేదే" అన్నాడు.

"కాపురం అని ఉండాలంట సార్."

"నువ్వు చేసేది కాపలా. నేను రాసిందీ కాపలా."

"కాపలా కాస్తూ ఇక్కడే కదా సార్ ఉంటున్నాను. వండుకునేదీ పడుకునేదీ ఈ మెట్ల కిందే కదా."

అతను పేపరు మడిచాడు. "చూడు గేటమ్మా. అది మోటారు గది. ప్లానులో మోటారు గదే. కాపురం అని నేను రాసిస్తే, రేపు నువ్వు ఆ కాగితం పట్టుకుని ఇది నా ఇల్లు, నేను కదలను అంటావు. కోర్టుకెళ్తావు. ఇలాంటివి ఎన్ని చూశాను నేను!" అని ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు పెదవి విరిచి నవ్వాడు. "అయినా మొగుడు పోయినదానివి. నీకింకా కాపురమేంటే?"

లోపల్నుంచి ఆయన భార్య కూడా నవ్వింది. మాట బాగా పేలిందన్న నవ్వు. ఆ మాట గేటమ్మను మెట్లన్నీ దిగేదాకా వెంట తరిమింది. గదిలోకి పోయి, ఖాళీ గిన్నె ఒకటి తీసి, తోమిందాన్నే మళ్ళీ తోమింది. మొగుడి మీద కూడా కోపం వచ్చింది. పోయేవాడు పోతూ పోతూ ఆ మాట కూడా పట్టుకుపోయాడని.

ఉత్తరం చెల్లకపోయినా దాంతో పాటు ఇచ్చిన దరఖాస్తు లోపలికి వెళ్ళింది కాబట్టి విచారణ ఉంటుందని గుమాస్తా అప్పుడే చెప్పాడు. మనిషి వచ్చి కళ్ళతో చూసి రాసుకుంటుందట. గేటమ్మ విచారణ నాడు గది ఊడ్చి, దండెం మీది చీరలు సరిచేసి, చాప దులిపి పరిచి పెట్టింది. మంచినీళ్ళ గ్లాసు కూడా కడిగి బోర్లించింది.

మధ్యాహ్నం సెక్రటరీ పిలిచాడు. "మోటారు దగ్గర నీళ్ళు కారుతున్నాయి. మార్కెట్టు అవతల పైపుల షాపుకెళ్ళి వాషరు పట్రా. ఇక్కడి షాపులో వద్దు, అది మన్నదు."

నీళ్ళు కారుతున్న మాట నిజమే, కానీ అవి ఎప్పట్నుంచో కారుతున్నాయి. గేటమ్మ మార్కెట్టు అవతలికి పోయింది. ఆ షాపువాడు ఈ సైజు మీ వీధిలోనే దొరుకుతుందిగా అని విస్తుపోయాడు. ఆమె వాషరు పిడికిట్లో పట్టుకుని తిరిగొస్తుంటే వీధి మలుపులో టీచరమ్మ ఎదురైంది.

"అరె, నువ్వా! ఇప్పుడే చూసొస్తున్నాను మీ భవనం."

"చూశారా? చాప వేసే ఉంచాను."

టీచరమ్మ కళ్ళు పక్కకు తిప్పుకుంది. "మీ సెక్రటరీ గారు చెప్పారు. పగలు పనికొస్తావంట, సాయంత్రం వెళ్ళిపోతావంట. నివాసం లేదని రాశాను."

"తలుపు తీసి చూశారా?"

"తాళం ఉందన్నారు."

"తాళం వేసింది ఎవరని అడిగారా?" గేటమ్మ గొంతు లేచింది. వీధిలో పోయే వాళ్ళు తిరిగి చూశారు. "ఆయన ఇంట్లో సోఫాలో కూచుని, ఆయనిచ్చిన చల్లటి నీళ్ళు తాగి, నా ఇల్లు చూశారా మీరు? సోఫాలో కూచుంటే మెట్ల కింద కనిపిస్తుందా?"

"గొంతు తగ్గించు. నేను నీ పనిమనిషిని కాదు."

"నేను మీ బళ్ళో పిల్లనీ కాదు."

ఇద్దరూ రొప్పుతూ నిలబడ్డారు. టీచరమ్మ మొహం జేవురించింది. ఆమెకు ఎండ, నడక, జీతం పెరగని పని, ఇంటికెళ్ళి దిద్దవలసిన పరీక్ష కాగితాలు అన్నీ కలిసి ఒక్కసారి మీద పడ్డట్టుంది. "సరే, అభ్యంతరం పెట్టుకో" అంది చివరికి, సంచీలోంచి కాగితం లాగి. "ఇక్కడ వేలిముద్రో సంతకమో పెట్టు. శనివారం పొద్దున బడికెళ్ళే ముందు ఒక్కసారి వస్తాను. మీ భవనంలో ఇద్దరు నా ముందు నోటితో చెప్పాలి, ఇక్కడే ఉంటోందని. చెప్తే రాస్తాను. చెప్పకపోతే ఇక నా వల్ల కాదు."

గేటమ్మ సంతకమే పెట్టింది, అక్షరాలు వంకర పోయినా సరే.

ఆ సాయంత్రం నుంచి ఆమె తలుపులు కొట్టడం మొదలుపెట్టింది. లిఫ్టు ఎక్కకూడదు గనక మెట్ల మీదే.

డాక్టరు గారు సగం తలుపు తీసి, "నాదేముంది, మా ఆవిడనడుగు" అన్నాడు. ఆవిడ వంటింట్లోంచి, "నాకేం తెలుసు, ఆయన్నడుగు" అంది. ఒకే ఇంట్లో ఉంటూ వాళ్ళిద్దరూ ఒకరినొకరు అడుక్కునే లోపల తలుపు మూసుకుంది. మొదటి అంతస్తులో అద్దెకుండే కుర్ర దంపతులు లోపలికి రమ్మన్నారు గానీ, ఆ పిల్ల గొంతు తగ్గించి, "మా ఓటే ఇక్కడ ఎక్కించుకోనివ్వలేదు ఆంటీ ఆ సెక్రటరీ. అలా అయితేనే ఇల్లిస్తానన్నాడు. ఇప్పుడు మీ తరఫున మాట్లాడితే మమ్మల్నీ పొమ్మంటాడు" అంది. పాపం ఆ పిల్ల కళ్ళలో భయం నిజమే. అయినా గేటమ్మకు జాలి కలగలేదు. జాలి పడేంత జాగా లేదు ఆ పూట.

మూడో అంతస్తు మామ్మగారి మీద ఆమె ఆశ పెట్టుకుంది. మోకాళ్ళ నొప్పులని మామ్మగారు పిలిచినప్పుడల్లా నూనె రాసింది ఆ చేతులతోనే.

"అయ్యో, ఎందుకు చెప్పనే! తప్పకుండా చెప్తాను" అంది మామ్మగారు. లోపలి గదిలోంచి కోడలు, "అత్తయ్యా" అంది, అంతే, ఇంకేం అనలేదు. మామ్మగారు చీర కొంగు సవరించుకుంది. "అంటే ఏమిటంటే, నాకు చూపానదు కదే. ఎవరుంటున్నారో ఎవరు పోతున్నారో నాకేం కనిపిస్తుంది?"

బాల్కనీలోంచి వంగి, అరటి తొక్క ఎవరు పారేశారో పేరుతో సహా చెప్పే మనిషి ఆవిడ.

శుక్రవారం సాయంత్రం సెక్రటరీ కింద మోటారు గది పక్కనే నలుగురిని పోగేశాడు. గేటమ్మ లోపల పొయ్యి ముందు ఉంది. తలుపు చేరవేసి ఉంది, మాటలు మాత్రం చేరవేసి లేవు.

"రేపు ఆ టీచరు మళ్ళీ వస్తుంది. అందరూ ఒకే మాట మీద ఉండండి. పగలు పనికొస్తుంది, సాయంత్రం వెళ్ళిపోతుంది. అంతకుమించి ఒక్క ముక్క వద్దు. ఒకళ్ళని ఎక్కనిస్తే ఇక ఇస్త్రీ వాడూ, కార్లు కడిగేవాడూ అందరూ ఇక్కడే కాపురం అంటారు."

నలుగురూ తలలూపినట్టే ఉంది, ఎవరూ కాదనలేదు.

గేటమ్మ పొయ్యి కట్టేసింది. ఉడుకుతున్న అన్నం సగంలో ఆగింది. ఆమె ఒక చీర, దువ్వెన, పాత దుప్పటి సంచీలో కుక్కి, బయటికొచ్చి తలుపు లాగి తాళం వేసింది. తాళం చెవి నడుముకు దోపుకుంది. వాళ్ళ మధ్య నుంచే గేటు దాకా నడిచింది.

"ఎక్కడికి?" అన్నాడు సెక్రటరీ.

"ఇంటికి సార్."

"ఏ ఇంటికి?"

"సాయంత్రం వెళ్ళిపోతానని మీరే చెప్పారుగా. ఆ ఇంటికి."

అతను నవ్వాడు. "పోయి రా, పోయి రా. తెల్లారేసరికి నువ్వే వస్తావు."

"వస్తాను సార్. పగలు పనికి."

అది వ్యూహమూ కాదు, పంతమూ కాదు. ఆయన అన్న మాటను అక్షరం పొల్లుపోకుండా చేసి చూపించాలన్న కసి, అంతే. టీచరమ్మ రేపు వచ్చి పేరెక్కిస్తుందన్న ఆశ అప్పటికే చచ్చింది. చెప్పేవాళ్ళు లేనప్పుడు వచ్చి ఏం రాస్తుంది?

ఆడపడుచు ఇల్లు ఒక్కటే గది. గేటమ్మ సంచీ కింద పెట్టకముందే ఆడపడుచు మొగుడు, "ఎన్నాళ్ళు చెల్లెమ్మా?" అన్నాడు. సంగతంతా విని, "ఉండు, కాదనను. కానీ మా ఇంటి నంబరు మీద మాత్రం పేరెక్కించుకోకు. మా ఓనరు ఊరుకోడు" అన్నాడు.

"ఆయన మాటలు పట్టించుకోకు వదినా" అంది ఆడపడుచు. అని, దుప్పటి గుమ్మం దగ్గర పరిచింది, ఎందుకంటే వేరే చోటు లేదు. గేటమ్మ గోడకు వీపు ఆనించి పడుకుంది. గోడ చల్లగా, చప్పుడు లేకుండా ఉంది. మోటారు పక్కన అన్నేళ్ళు పడుకున్న చెవులకు ఆ నిశ్శబ్దం పట్టలేదు. తనకు ఏ ఇంట్లోనూ నంబరు లేదని తెలిసీ నిద్ర ఎలా పడుతుంది ఎవరికైనా?

పొద్దున్నే పైన ట్యాంకు నింపవలసిన వేళ దాటిపోయాక, తీరిగ్గా, ఆఫీసుకు వెళ్ళే వాళ్ళతో పాటు బస్సు దిగి నడుచుకుంటూ వచ్చింది గేటమ్మ. వీధి మొదట్లోకే అరుపులు వినిపించాయి.

భవనమంతా కిందికి దిగినట్టుంది. డాక్టరు నోటి నిండా పేస్టు నురగతో నిలబడ్డాడు, పుక్కిలించడానికి కూడా నీళ్ళు లేక. ఆయన భార్య తలంతా షాంపూ, మెడకు తువ్వాలు. ఇద్దరు ముగ్గురు ఖాళీ బకెట్లు పట్టుకున్నారు. సెక్రటరీ మోటారు గది తలుపు ముందు తాళాన్ని పట్టుకుని గుంజుతున్నాడు. అప్పటికే ఎవరో సుత్తి తెస్తానన్నారు, ఎవరో తలుపు పాడవుతుందన్నారు. ఈ గోలకు కాస్త పక్కగా, గోడ మీది జాబితా దగ్గర, టీచరమ్మ సంచీతో నిలబడి ఉంది.

"మీరు పైకి రండి మేడమ్, ఇదేదో నీళ్ళ గొడవ. కూర్చుని మాట్లాడుకుందాం" అంటున్నాడు సెక్రటరీ మధ్యమధ్యలో.

"వద్దు సార్" అంది టీచరమ్మ పుల్లవిరుపుగా. "సోఫాలో కూచుంటే మెట్ల కింద కనిపించదంట."

గేటులో గేటమ్మ కనపడగానే అందరూ ఒక్కసారి మీద పడ్డారు.

"ఎక్కడికి పోయావే ఇప్పటిదాకా?"

"స్నానం మధ్యలో నీళ్ళాగిపోయాయి! కళ్ళు మండిపోతున్నాయి!" డాక్టరు భార్య ఏడుపు గొంతుతో అరిచింది. "ఏళ్ళ తరబడి ఈ మెట్ల కిందే పడుంటావు. నిన్న రాత్రే నీకు ఊళ్ళు తిరగాలని బుద్ధి పుట్టిందా?"

బాల్కనీలోంచి మామ్మగారు వంగింది, చూపానని మామ్మగారు. "అదుగో వచ్చింది మహారాణి! తెల్లారకముందే దాని మోటారు మోతకే నాకు మెలకువొచ్చేది. రాత్రీ పగలూ ఇక్కడే పడుంటుంది కదా అని దాన్ని నమ్ముకుంటే!"

"రాత్రి పడుకునేది ఇక్కడే కదా, చెప్పాపెట్టకుండా ఎలా పోతావు?" డాక్టరు నురగ మింగి మరీ అన్నాడు.

గేటమ్మ నిలబడింది. ఆ తిట్లు రోజూ పడేవే, ఆ మాటలు రోజూ వినేవే. కానీ ఇవాళ వాటిలో ఏదో ఉన్నట్టనిపించింది, ఏమిటో చప్పున తెలియలేదు. టీచరమ్మకు తెలిసింది. ఆమె సంచీలోంచి పలక లాంటి అట్ట తీసి, దాని మీద కాగితం పెట్టి, రాయడం మొదలుపెట్టింది.

"మీ పేరు, ఫ్లాటు నంబరు చెప్పండి" అంది డాక్టరు భార్యతో.

"నాదెందుకండీ?"

"మీరు చెప్పింది రాసుకుంటున్నాను. 'ఏళ్ళ తరబడి ఈ మెట్ల కిందే పడుంటుంది.' అవునా? సంతకం పెడతారా?"

గోల సగానికి సగం తగ్గింది. డాక్టరు భార్య తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంది. "నేనేదో కోపంలో అన్నాను."

"కోపంలో అబద్ధం చెప్పారా?"

"అబద్ధమని కాదు..."

"మేడమ్, మేడమ్" అంటూ సెక్రటరీ మధ్యలోకి వచ్చాడు. "పడుండటం వేరు, నివాసం వేరు. మీరు చదువుకున్నవాళ్ళు, మీకు నేను చెప్పాలా? ఇది మోటారు గది. ఇక్కడ ఎవరూ ఉండరు."

"పడుండటం అంటే ఏంటి సార్?"

ముత్యాల్లాంటి అక్షరాలు రాసే మనిషికి ఆ మాటకు అర్థం దొరకలేదు. దొరికినా నలుగురిలో చెప్పేదిగా లేదు. పైనుంచి మామ్మగారు నీళ్ళు, నీళ్ళు అంటోంది. ఎవరో బకెట్టు నేలకేసి కొట్టారు. ఆయన మొహం కందిపోయింది. చటుక్కున గేటమ్మ వైపు తిరిగాడు.

"అంతా నీ వల్లే! ముందు తాళం తియ్. తీసి, నీ గిన్నెలూ గుడ్డలూ మూటగట్టుకుని ఈ క్షణం గది ఖాళీ చెయ్! మళ్ళీ ఈ గేటులో కనపడ్డావంటే చూడు!"

టీచరమ్మ కలం ఆగింది. ఆమె తల ఎత్తి, బళ్ళో తప్పు చదివిన పిల్లాణ్ణి మళ్ళీ చదవమన్నంత మామూలుగా అడిగింది.

"ఏ గది సార్?"

"ఇదే!" అని తలుపు మీద అరచేత్తో కొట్టాడు సెక్రటరీ. కొట్టాక, చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"ఉండని మనిషిని ఖాళీ చెయ్యమంటారా ఎవరైనా?" అంది టీచరమ్మ. "ఇక వీళ్ళ సంతకాలు కూడా నాకక్కర్లేదు. సంఘం సెక్రటరీ గారే నా ముందు గది ఖాళీ చెయ్యమన్నారు. అది రాసుకుంటే చాలు."

ఆమె నిలబడే రాసింది. రాసి, అట్ట గేటమ్మ ముందుకు చాపింది. "చూసుకో. సంతకం పెట్టు."

గేటమ్మ వేలు పెట్టింది. వరసలు మెల్లగా దాటుకుంటూ పోయి ఆ మాట దగ్గర ఆగింది. కా. కొమ్ముందా? ఉంది. పు. ఆ తర్వాత ర. ఊహించుకుని వదిలెయ్యలేదు ఈసారి. బకెట్లు ఎదురుచూస్తున్నాయి, షాంపూ ఎండిపోతోంది, బాల్కనీలోంచి కేకలు వస్తున్నాయి. వేలు కదలకుండా చివరి సున్నా దాకా చదివింది. కాపురం. పైకే అంది. సెక్రటరీ వినేట్టుగానే అంది.

"ఈ గది పోతుందేమో" అంది టీచరమ్మ, కాగితం సంచీలో పెట్టుకుంటూ, కాస్త గొంతు తగ్గించి. "జాగ్రత్త."

"పోతే పోనీ. పేరు తీసెయ్యడానికి మళ్ళీ మీలాంటి వాళ్ళే ఎవరో వచ్చి చూడాలిగా. ఈలోపల ఎన్నికలు అయిపోతాయి."

టీచరమ్మ నవ్వలేదు. పిన్నీసు పెట్టిన చెప్పు ఈడ్చుకుంటూ గేటు దాటి వెళ్ళిపోయింది. ఆమె మలుపు తిరిగాక సెక్రటరీకి గొంతు వచ్చింది.

"నెలాఖరుకు కొత్తవాడొస్తాడు. ఖాళీ చేస్తావు నువ్వు."

"చేస్తాను సార్. ఉన్నదాన్నిగా."

ఆమె నడుములోంచి తాళం చెవి తీసింది. లోపల సగం ఉడికిన అన్నం పులిసిన వాసన కొట్టింది. మోటారు మీట నొక్కగానే గిన్నెలు మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. నీళ్ళు పైకెక్కి ట్యాంకు నిండేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేదు గనక, గది బయట ఉన్న కుళాయి తిప్పి పక్కన నిలబడింది. బకెట్లన్నీ ఒకదాని మీద ఒకటి తోసుకున్నాయి. వాటి మీదుగా, అందరినీ పక్కకు తప్పుకోమంటూ, సెక్రటరీ తన బకెట్టు ముందుకు చాపాడు. డాక్టరూ, కుర్ర దంపతులూ అలవాటుగా పక్కకు జరిగారు కూడా.

గేటమ్మ కుళాయి కట్టేసింది.

"వరస సార్" అంది.